మంచులో కెమెరా మొరాయిస్తే: సమస్యలు, పరిష్కారాలు

పోయిన ఫిబ్రవరిలో మా అక్క కొడుకును స్కీయింగ్ (మంచు మీద జారే ఆట) నేర్పించడానికి హన్మకొండ నుంచి కశ్మీర్‌లోని గుల్మార్గ్ తీసుకెళ్లాను. ఛాతీకో హెల్మెట్‌కో తగిలించుకునే చిన్న యాక్షన్ కెమెరా మే నెల ఎండకు వేడెక్కి ఆగిపోవడం చూసినవాళ్లమే. సుమారు 2,650 మీటర్ల ఎత్తున అదే కెమెరా చలికి ఆగిపోయింది. వేడితో ఎలా వేగాలో మనకు తెలుసు. చలి సంగతే నేర్చుకోవాలి.

సమస్య: బ్యాటరీ 60 శాతం చూపిస్తూనే కెమెరా టక్కున ఆగిపోతోంది.

కారణం: లిథియం అయాన్ బ్యాటరీలో రసాయన చర్య చలికి మందగించి, లోపలి నిరోధం పెరుగుతుంది. వీడియో మొదలవగానే కెమెరా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ పడిపోతుంది. చార్జింగ్ అయిపోయిందనుకుని కెమెరా ఆగిపోతుంది.

పరిష్కారం: "మామా, బ్యాటరీ పోయింది" అని మావాడు ఏడుపు మొహం పెట్టాడు. దాన్ని తీసి నా స్వెట్టర్ లోపల, చొక్కా జేబులో వేసుకున్నాను. కహ్వా (కశ్మీరీ టీ) తాగి లేచేసరికి వెచ్చబడింది, కెమెరాలో వేస్తే మళ్లీ పనిచేసింది. అందుకే రెండు మూడు బ్యాటరీలు తీసుకెళ్లండి, ఒంటికి ఆనుకునే జేబులోనే ఉంచండి. ఒక్క మాట గట్టిగా చెప్తున్నా: గడ్డకట్టే చలిలో ఉన్న బ్యాటరీకి పవర్‌బ్యాంకు తగిలించొద్దు. సున్నా డిగ్రీల కింద చార్జ్ చేస్తే లోపల లిథియం లోహం పేరుకుని అది శాశ్వతంగా దెబ్బతింటుంది.

సమస్య: గదిలోకి రాగానే లెన్స్ మీద, ఒక్కోసారి లెన్స్ లోపల కూడా ఆవిరి.

ఫ్రిజ్‌లోంచి తీసిన నీళ్ల సీసాకు చెమట పట్టడం రోజూ చూస్తాం కదా, ఇదీ అంతే. హీటర్ ఉన్న గదిలోని తేమ చల్లటి కెమెరా మీద నీరవుతుంది. బయట ఉన్నప్పుడే కెమెరాను జిప్ కవర్లో పెట్టి, గాలి లేకుండా మూసేయండి. గదిలో గంటో రెండు గంటలో ఆగి, అది వెచ్చబడ్డాకే తెరవండి. చెమట కవర్ పైనే పడుతుంది. కొండ మీద లెన్స్‌ను నోటితో ఊది తుడవకండి, ఆ ఊపిరి అక్కడే గడ్డకడుతుంది.

సమస్య: మంచు తెల్లగా రాకుండా బూడిద రంగులో వస్తోంది, మనుషులు నల్లగా పడుతున్నారు.

అంత తెలుపును చూసి కెమెరా వెలుతురు ఎక్కువైందనుకుని తగ్గించేస్తుంది. కెమెరా సెట్టింగ్స్‌లో ఎక్స్‌పోజర్‌ను (ఫొటోలో వెలుతురు ఎంత ఉండాలో చెప్పేది) +0.5 నుంచి +1 దాకా పెంచి చూడండి.

సమస్య: ఛాతీకి కట్టిన కెమెరాలో నేల తప్ప ఏమీ లేదు.

స్కీయింగ్‌లో మోకాళ్లు వంచి ముందుకు వాలుతాం, కెమెరా కూడా వాలుతుంది. ఇంట్లోనే అద్దం ముందు అలా వంగి నిలబడి, కెమెరాను పైకి తిప్పి కోణం సరిచూసుకోండి. మా భద్రకాళి చెరువు బండ్ మీద కాసేపు పరుగెత్తి వీడియో చూసుకుంటే కుదుపు ఎంతో కూడా తెలుస్తుంది.

సమస్య: హెల్మెట్‌కు అతికించిన మౌంట్ (కెమెరాను పట్టి ఉంచే బిగింపు) ఊడిపోతోంది.

చల్లటి హెల్మెట్‌కు జిగురు పట్టదు. కాజీపేటలో రైలెక్కే ముందు రోజే, శుభ్రంగా తుడిచిన హెల్మెట్‌కు అతికించి 24 గంటలు కదపకుండా ఉంచండి. హెల్మెట్ అక్కడ అద్దెకు తీసుకుంటే పట్టీ మౌంట్ మేలు. ఏదైనా సరే, సన్నటి తాడుతో కెమెరాను కట్టండి. మెత్తటి మంచులో పడితే దొరకదు.

గాలి హోరు మాటలను మింగేస్తే మైక్‌కు స్పాంజి తొడుగు వేయండి. గ్లవ్స్‌తో టచ్‌స్క్రీన్ పనిచేయకపోతే, గ్లవ్స్ తీయకుండానే నొక్కగలిగే బటన్‌కు రికార్డింగ్ పెట్టుకోండి.

కొత్తగా నేర్చుకునేవాళ్లు సెల్ఫీ స్టిక్ మాత్రం పట్టుకోవద్దు. రెండు చేతులూ స్కీ కర్రలకే కావాలి. మావాడికి నాలుగో రోజు దాకా నేను కెమెరా ఇవ్వలేదు. కింద నిలబడి నేనే తీశాను.