తెరచాపకి పాత క్యాసెట్ టేపు

హుస్సేన్ సాగర్ మీద జూలైలో సెయిలింగ్ వీక్ (తెరచాప పడవల పోటీలు) జరిగేది రుతుపవనాల గాలి కోసమే. ఆ కాలంలో సరదా పోటీకి ఇంట్లో ప్లైవుడ్‌తో చేసిన పడవ దింపుతుంటే, తెరచాప వెనక అంచుకి పైనొకటి, మధ్యనొకటి జానెడు క్యాసెట్ టేపు ముక్కలు అంటించండి. చాప మీదుగా గాలి ఎలా పోతోందో అవి చూపిస్తాయి. ఊలు దారం కట్టమంటారు గానీ చినుకు పడితే చాపకి అతుక్కుపోతుంది.

గాలికి ఎదురు వాలుగా వెళ్ళేటప్పుడు టేపు నేరుగా వెనక్కి ఎగరాలి. చాప చాటుకి మడిచిపోతోందంటే చాపని లాగి పట్టే తాడు మరీ బిగించారన్నమాట. కాస్త వదలండి. వేగం తగ్గిందని ఇంకా లాగుతారు చాలామంది, అక్కడే పడవ చతికిలబడుతుంది. గాలి తక్కువగా ఉంటే వెనక కూర్చోకండి, మధ్యకి జరగండి. వెనక భాగం నీళ్ళని ఈడుస్తుంది. లైఫ్ జాకెట్ ఈతొచ్చినవాళ్ళకీ తప్పదు.