ఒక్క ల్యాప్‌టాప్‌లో మూడు కంప్యూటర్ల క్లస్టర్: ఎలా చేయాలి?

మిర్యాలగూడ నుంచి, దేవరకొండ నుంచి పిల్లలు ల్యాప్‌టాప్ పట్టుకొని నల్లగొండ వచ్చి "సార్, ఎంపీఐ ప్రోగ్రాం కదలట్లేదు" అంటారు. క్లస్టర్ అంటే ఒకే పనిని పంచుకునే కంప్యూటర్ల గుంపు; ఎంపీఐ అంటే వాటిలో నడిచే ప్రోగ్రాం ముక్కలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే పద్ధతి. తెరిచి చూస్తే ప్రతిసారీ నెట్‌వర్క్ దగ్గరే తప్పు.

8 జీబీ ర్యామ్ చాలు. ల్యాప్‌టాప్ లోపలే విడి కంప్యూటర్లను (వర్చువల్ మెషీన్లను) నడిపే వర్చువల్‌బాక్స్‌లో ఉబుంటు సర్వర్ ఒక్కసారే ఎక్కించండి, డెస్క్‌టాప్ వెర్షన్ వద్దే వద్దు. ఎంపీఐ ప్రోగ్రాంలను నడిపే ఓపెన్ ఎంపీఐ, ఒక మెషీన్‌లోంచి ఇంకోదాంట్లోకి లాగినవడానికి ఎస్‌ఎస్‌హెచ్ సర్వర్ పెట్టండి. పాస్‌వర్డ్‌కు బదులు పనిచేసే ఎస్‌ఎస్‌హెచ్ తాళం (కీ) కూడా ఇక్కడే తయారుచేసి, అదే మెషీన్ నమ్మే తాళాల జాబితాలో చేర్చండి. ఆ తర్వాతే ఆ మెషీన్‌ను క్లోన్ చేసి, అంటే నకళ్లు తీసి, మొత్తం మూడు చేయాలి. అప్పుడు మూడూ పాస్‌వర్డ్ అడగకుండా ఒకదాన్నొకటి నమ్ముతాయి. చాలామంది క్లోన్ చేశాక ఒక్కోదానికీ తాళం కాపీ చేస్తూ కూర్చుంటారు, ఆ తిప్పలెందుకు? క్లోన్‌లో కొత్త మ్యాక్ అడ్రస్‌లు (నెట్‌వర్క్ అడాప్టర్ల గుర్తింపు నంబర్లు) ఎంచుకోండి, హోస్ట్‌నేమ్‌లు (మెషీన్ల పేర్లు) మార్చండి.

ఇక అసలు చోటు. ప్రతి మెషీన్‌కూ రెండు నెట్‌వర్క్ అడాప్టర్లుండాలి: ఇంటర్నెట్‌కు నాట్, తమలో తాము మాట్లాడుకోవడానికి హోస్ట్ ఓన్లీ. హోస్ట్ ఓన్లీకి అడ్రస్‌లు చేత్తోనే ఇవ్వండి: 192.168.56.11, 12, 13. అడ్రస్‌లు తనంతట తానే పంచే డీహెచ్‌సీపీకి వదిలేస్తే, క్లోన్లలో మెషీన్ ఐడీ కూడా ఒకటే కాబట్టి రెండింటికి ఒకే అడ్రస్ పడొచ్చు. ఏ పేరుకు ఏ అడ్రస్సో చెప్పే హోస్ట్స్ ఫైల్లో (/etc/hosts) 127.0.1.1 లైను తీసేసి, మూడు మెషీన్ల పేర్లూ ఈ అడ్రస్‌లతో రాయండి.

ఇంత చేసినా ఆగిపోతుంది, ఎందుకంటే వర్చువల్‌బాక్స్ నాట్ మూడు మెషీన్లకూ 10.0.2.15 అనే ఇస్తుంది. ఊళ్లో మూడిళ్లకు ఒకే నంబరుంటే ఉత్తరం ఎక్కడికి పోతుంది? ఓపెన్ ఎంపీఐ ఆ దారినీ వాడబోతుంది. పింగ్ పోతుంది, ఎస్‌ఎస్‌హెచ్ పోతుంది, మూడు హోస్ట్‌నేమ్‌లూ తెర మీద వస్తాయి, అంతా బాగుందనుకుంటారు, తీరా సెండ్, రిసీవ్ దగ్గర ప్రోగ్రాం కొయ్యబారిపోతుంది. కోడ్‌లో తప్పు వెతుకుతూ రాత్రంతా కూర్చున్న పిల్లల్ని చూశాను, బాధేస్తుంది. ప్రోగ్రాం నడిపే ఎంపీఐ రన్ కమాండ్‌కు "బీటీఎల్ టీసీపీ ఇఫ్ ఇంక్లూడ్" అనే సెట్టింగు, మాటల మధ్య అండర్‌స్కోర్లతో, 192.168.56.0/24 అని ఇవ్వండి. అంతే, హోస్ట్ ఓన్లీ దారిలోనే పోయి కదులుతుంది.

వర్చువల్ మెషీన్లకు బదులు కంటైనర్లు నడిపే డాకర్‌తో తేలిక కదా అంటారు. నేర్చుకునేవాళ్లకు నేనొప్పుకోను. 1994లో నాసా గొడార్డ్ కేంద్రంలో మామూలు పీసీలను ఈథర్‌నెట్‌తో కలిపి బియోవుల్ఫ్ క్లస్టర్ కట్టారు, దాని లోపలి సంగతి విడి మెషీన్లతోనే అర్థమవుతుంది. వేగం మాత్రం ఆశించకండి, మూడు మెషీన్లూ ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రాసెసర్ కోర్లనే పంచుకుంటాయి.

నడిపేటప్పుడు మెషీన్లను హెడ్‌లెస్‌గా, అంటే తెర కిటికీ లేకుండా, లేపండి. ఒకదాంట్లోంచి మిగతావాటికి ఒక్కసారి చేత్తో లాగినై, ఈ మెషీన్‌ను నమ్మాలా అని అడిగితే "యెస్" కొట్టండి. ప్రోగ్రాం మూడింట్లో ఒకే ఫోల్డర్‌లో ఉండాలి. ఎంపీఐ రన్‌కు ఇచ్చే మెషీన్ల జాబితా అయిన హోస్ట్ ఫైల్లో (పైన చెప్పిన హోస్ట్స్ ఫైల్ కాదు) స్లాట్లు, అంటే ఒక్కో మెషీన్‌లో నడిచే ప్రాసెస్‌లు, కోర్ల సంఖ్యను మించొద్దు. ముందు ఒక సందేశం మూడు మెషీన్లూ చుట్టి వెనక్కి వచ్చే చిన్న ప్రోగ్రాం నడపండి, అది తిరిగొచ్చాకే మీ ప్రాజెక్టు ఎక్కించండి.