బ్లాక్ నొక్కే ముందు: ఆన్‌లైన్ వేధింపులకు సాక్ష్యం దాచుకోవడం ఎలా?

మా బస్తీ మహిళా సంఘంలో చాలా ఏళ్లుగా ఈ పని నాదే. ఫోన్ పట్టుకుని వణుకుతూ వచ్చిన పిల్లను "ఏదమ్మా, మెసేజ్‌లు చూపించు" అంటే ఎక్కువసార్లు వినే జవాబు ఒకటే: "భయమేసి అన్నీ డిలీట్ చేసేశానక్కా. వాణ్ని బ్లాక్ కూడా చేశాను." ఇంకేం చూపిస్తాం, మన మొహమా?

కావాల్సినవి: వేధింపులు వచ్చిన ఫోన్, ఒక పెన్‌డ్రైవ్, వంద పేజీల నోటుబుక్కు, పక్కన నమ్మకమైన మనిషి. నోటుబుక్కు రూళ్లదే ఉండాలి, నీలం పెన్నుతోనే రాయాలి. మా సంఘంలో ఒకావిడ అన్నీ ఎక్సెల్ షీటులో ఎక్కిద్దామంటుంది. నేను వెళ్లిన ఏ స్టేషన్‌లోనూ ఎవరూ షీటు తెరవలేదు, నోటుబుక్కు మాత్రం అడిగి మరీ తిరగేశారు.

ముందు జవాబివ్వడం ఆపండి. తిట్టొద్దు, బతిమాలొద్దు. వాట్సాప్‌లో డిసప్పియరింగ్ మెసేజెస్ సెట్టింగ్ ఆన్‌లో ఉంటే ఆఫ్ చేయండి. అయితే అంతకుముందు వచ్చినవి గడువుకి ఎలాగూ మాయమవుతాయి, కాబట్టి వాటి పనే మొదట చూడండి.

ఇక స్క్రీన్‌షాట్లు. అందరూ తీస్తారు, దాదాపు అందరూ పాడు చేస్తారు. నేనూ చేశాను. నా మొదటి కేసులో మెసేజ్ వరకే కత్తిరించి, చుట్టూ ఎర్ర గీత గీసి, ప్రింట్లు తీయించి పట్టుకెళ్లాను. అక్కడి అధికారి కాగితం పైకెత్తి, "ఈ ‘ఎత్తొద్దు’ ఎవరమ్మా?" అన్నాడు. ఆ అమ్మాయి వాడి నంబరును ఆ పేరుతో సేవ్ చేసుకుంది. నంబరు ఏ కాగితం మీదా లేదు.

అందుకే కత్తిరించొద్దు, గీతలు గీయొద్దు, రంగులు పుయ్యొద్దు. తెర మొత్తం పడాలి. వాట్సాప్ అయితే చాట్‌తో పాటు కాంటాక్ట్ ఇన్ఫో తెరిచి నంబరు కనిపించేలా ఇంకొకటి తీయండి. ఇన్‌స్టాగ్రామ్‌లో చాట్‌ను ఎడమవైపుకి లాగితే మెసేజ్‌ల టైమ్ కనిపిస్తుంది, అలా లాగిపట్టి తీయండి.

అంతకన్నా ముఖ్యం ప్రొఫైల్ లింకు. ఫేస్‌బుక్‌లో పైన కనిపించే పేరు ఎవడైనా మార్చుకోవచ్చు, ఒకే పేరుతో వందమంది ఉండొచ్చు. ప్రొఫైల్‌లో మూడు చుక్కలు నొక్కి లింకు కాపీ చేసుకోండి. పోస్టుకి, కామెంటుకి వేరే లింకులుంటాయి, అవీ తీసుకోండి. ఆ తర్వాత స్క్రీన్ రికార్డింగ్ పెట్టి, ప్రొఫైల్ తెరవడం దగ్గర నుంచి ఆఖరి మెసేజ్ దాకా మధ్యలో ఆపకుండా మెల్లగా జరపండి. నన్నడిగితే పది స్క్రీన్‌షాట్ల కన్నా ఇలాంటి ఒక్క రికార్డింగ్ మేలు.

తీసినవాటిని పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకోండి, పక్కింటివాళ్లకి వాట్సాప్‌లో ఫొటోలుగా పంపి "దాచిపెట్టు" అనకండి. అది ఫొటోను కుదించేస్తుంది, లోపలి వివరాలు పోతాయి. పంపక తప్పకపోతే డాక్యుమెంట్‌గా పంపండి. అసలు ఫోన్‌ను అమ్మొద్దు, ఎక్స్‌ఛేంజ్‌కి ఇవ్వొద్దు, రీసెట్ చేయొద్దు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ సాక్ష్యంతో పాటు కోర్టుకి ఒక సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో మీరు నింపేదొక భాగం, నిపుణుడు నింపేదొక భాగం. ఆ రోజు ఫోన్ కావాలంటే చేతిలో ఉండాలి కదా.

నగ్న చిత్రాలు, మార్ఫింగ్ చేసినవి అయితే ఎవరికీ పంపకండి. బాధితురాలు పద్దెనిమిదేళ్ల లోపు పిల్ల అయితే కాపీలు తీయడం కూడా మీ మెడకే చుట్టుకోవచ్చు, నేరుగా పోలీసుల దగ్గరికి వెళ్లండి. పెద్దవాళ్లకి స్టాప్‌ఎన్‌సీఐఐ అనే సైటు ఉంది. మీ ఫొటో మీ ఫోన్ దాటదు. దాని నుంచి తయారైన హ్యాష్ అనే అంకెల గుర్తు మాత్రమే వెళ్తుంది. ఆ సేవలో చేరిన కంపెనీలు తమ దగ్గర సరిపోలే ఫొటోలను దాంతో పట్టుకుంటాయి.

"ముందు ఫేస్‌బుక్‌లో వాడి పేరు పెట్టి పరువు తీద్దాం" అనేవాళ్లు ప్రతి సంఘంలో ఉంటారు. నాకూ చేతులు దురదపెడతాయి. కానీ పోస్టు పడిన సాయంత్రానికే వాడు అకౌంట్ ఎత్తేస్తాడు, మీ లింకులు పనిచేయవు. ఫిర్యాదు అయ్యాక మీ ఇష్టం.

మిగిలింది సులువు. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లల మీద నేరాలకు వేరే విభాగం ఉంది. పేరు చెప్పకుండా కూడా ఇవ్వొచ్చు, కానీ అప్పుడు కేసు ఎక్కడిదాకా వచ్చిందో చూసుకునే వీలుండదు. వీలైతే పేరుతోనే ఇవ్వండి. 1930 అనేది ముఖ్యంగా డబ్బు పోయినప్పుడు చేసే నంబరు. పోర్టల్ ఫిర్యాదు ఎఫ్ఐఆర్ కాదు, దాన్ని పట్టుకుని స్టేషన్‌కి వెళ్లాలి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ రాయమనండి, ఏ స్టేషన్‌లోనైనా రాయాలి. తెలంగాణలో ఆడవాళ్ల భద్రత చూసే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి, హైదరాబాద్‌లో 2014లోనే మొదలయ్యాయి.

ఫిర్యాదు నంబరు, తేదీ, మాట్లాడిన అధికారి హోదా నోటుబుక్కులో రాసుకోండి. అప్పుడు బ్లాక్ నొక్కండి. వాట్సాప్‌లో రిపోర్ట్ నొక్కితే, చాట్ కూడా డిలీట్ చేయాలా అని ఒక టిక్కు కనబడుతుంది. ఆ టిక్కు తీసేశాకే ముందుకెళ్లండి.