తొలి కారు, పద్దెనిమిదేళ్ల డ్రైవరు: కొనేముందే పట్టుకోవాల్సిన జబ్బులు

"డాక్టరు గారి బండి సార్, ఆదివారం తప్ప బయటికి తీయలేదు." నాగోలు నుంచి మియాపూర్ దాకా ఆరు వారాంతాల్లో పదకొండు పాత కార్లు చూశాం. అందులో నాలుగు డాక్టర్ల బండ్లే. హైదరాబాదులో వైద్యులంతా కార్లు కొని ఇంట్లో దాచుకుంటారని అప్పుడే తెలిసింది.

మా అమ్మాయికి పద్దెనిమిది నిండాయి. కాలేజీ ఘట్‌కేసర్ వైపు. బీమా, టైర్లు అన్నీ కలిపి మా చేతిలో ఉన్నది నాలుగున్నర లక్షలు. ఆ పదకొండు బండ్లలో, ఆ తర్వాత కొన్న బండిలో కనిపించిన లక్షణాలు, వాటి కారణాలు, చేయదగిన పనులు ఇక్కడ రాస్తున్నాను. మైలేజీ ఎంత, ఏసీ చల్లగా ఉందా అనే ప్రశ్నలు ఇందులో ఉండవు. కొత్తగా స్టీరింగు పట్టిన చేతులు ఏదో ఒక రోజు తప్పు చేస్తాయి. ఆ రోజు బండి ఏం చేస్తుందన్నదే నా లెక్క.

పదిహేడేళ్లకే తాళంచెవి అడుగుతున్నాడు

దీనికి మందు లేదు, ఆగడమే. కారుకు లెర్నర్ లైసెన్సు కూడా పద్దెనిమిది నిండాకే ఇస్తారు. "మన కాలనీలోనే కదా" అని తాళాలు ఇచ్చే తండ్రులు 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణ ఒకసారి చదువుకోవాలి. మైనరు బండి నడిపి పట్టుబడితే సంరక్షకుడికీ యజమానికీ 25,000 రూపాయల జరిమానా, మూడేళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషను ఏడాదిపాటు రద్దు. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. వయసు నిండాక లెర్నర్ లైసెన్సు ఆరు నెలలు చెల్లుతుంది. నెల గడిచాక పరీక్షకు వెళ్లవచ్చు. ఆ నెలలో బండి వెతుక్కోండి.

బడ్జెట్లో దొరికేవన్నీ ఎయిర్‌బ్యాగు లేని బండ్లే

కారణం బండి పుట్టిన తేదీ. మన దేశంలో అమ్మే కొత్త కార్లన్నిటికీ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు తొక్కినా చక్రాలు బిగుసుకుపోకుండా ఆపే ఏర్పాటు) తప్పనిసరి అయింది 2019 ఏప్రిల్లో. డ్రైవరు వైపు ఎయిర్‌బ్యాగు, బెల్టు పెట్టుకోకపోతే మోగే గంట, వేగం 80 దాటితే హెచ్చరించే చప్పుడు, వెనక పార్కింగ్ సెన్సర్లు 2019 జూలై 1 నుంచి వచ్చాయి. పక్కసీటు ఎయిర్‌బ్యాగు అన్ని మోడళ్లకూ తప్పనిసరి కావడానికి 2021 డిసెంబరు ఆఖరు దాకా పట్టింది. అంతకుముందు ఇవన్నీ ఖరీదైన వేరియంట్లకే దక్కేవి. అందుకే 2016, 2017 నాటి బండ్లలో అదే మోడలు, అదే రంగు, అదే ఇంజను ఉన్నా ఒకదానిలో రెండు ఎయిర్‌బ్యాగులుంటాయి, పక్కదానిలో ఒక్కటీ ఉండదు. ధరలో తేడా ముప్పై, నలభై వేలే ఉంటుంది. అమ్మేవాడు మాత్రం అలాయ్ చక్రాలు, టచ్ స్క్రీను చూపించి మాట్లాడతాడు.

పరిష్కారం: ముందు తేదీ చూడండి. ఆర్సీలో తయారైన నెల, సంవత్సరం ఉంటాయి. అమ్మిన తేదీ కాదు, తయారైన తేదీ. 2019 జూలై తర్వాతిది దొరికితే మంచిది. పాతదే కొనాల్సి వస్తే పై వేరియంటు అడగండి. ఎయిర్‌బ్యాగు ఉందో లేదో స్టీరింగు మధ్యలోనూ, పక్కసీటు ముందు డాష్‌బోర్డు మీదా అచ్చులో ఉంటుంది. పేపరు మీద ఉన్నదాన్ని నమ్మకుండా అక్కడ వేలు పెట్టి చూడండి.

తర్వాత నక్షత్రాలు, అంటే బండిని గుద్దించి చూసి రక్షణకు ఐదింటికి ఇచ్చే మార్కులు. గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి ఇచ్చిన ఫలితాలు ఎవరైనా ఉచితంగా చూడవచ్చు. 2014లో పోలోను పరీక్షిస్తే ఎయిర్‌బ్యాగులు లేనిదానికి సున్నా, రెండు ఎయిర్‌బ్యాగులున్నదానికి నాలుగు వచ్చాయి. కాబట్టి "దీనికి నాలుగు నక్షత్రాలు" అని ఎవరైనా అంటే "ఏ వేరియంటుకు?" అని అడగాలి. "ఏ సంవత్సరంలో?" అని కూడా అడగాలి. 2022 మధ్యలో ఆ పరీక్షను కఠినం చేసి పక్కనుంచి గుద్దించడం లాంటివి చేర్చారు. పాత నాలుగూ కొత్త నాలుగూ ఒకటి కావు. మన సొంత భారత్ ఎన్‌క్యాప్ 2023 అక్టోబరులో మొదలైంది కాబట్టి అందులోని బండ్లు మా బడ్జెట్టుకు అందలేదు.

మేము చివరికి కొన్నది 2020లో తయారైన టియాగో. ఆ ఏడాది పరీక్షలో పెద్దవాళ్ల రక్షణకు నాలుగు నక్షత్రాలు వచ్చిన బండి. మా బావగారు "ఆ డబ్బుకు పెద్ద బండి వచ్చేది కదా" అని ఇప్పటికీ అంటూనే ఉన్నారు. వచ్చేది. 2013 నాటిది, ఎయిర్‌బ్యాగుల్లేనిది.

ఏబీఎస్ గురించి ఒక్క మాట. కొత్త డ్రైవరు భయపడితే బ్రేకు మీద నిలబడిపోతాడు. ఏబీఎస్ లేకపోతే చక్రాలు బిగుసుకుపోతాయి, స్టీరింగు తిప్పినా బండి తిరగదు, తిన్నగా జారుతుంది. ఏబీఎస్ ఉంటే బ్రేకు తొక్కుతూనే పక్కకు తప్పుకోవచ్చు. తొలి వాన పడ్డ రోడ్డు మీద ఈ తేడా బాగా తెలుస్తుంది.

తాళం తిప్పితే ఎయిర్‌బ్యాగు దీపం వెలగడం లేదు, లేదా ఆరడం లేదు

పదకొండింటిలో మూడు బండ్లు ఇక్కడే పోయాయి. తాళాన్ని ఇంజను స్టార్టు కాకముందు మెట్టు దాకా తిప్పి ఆపండి. మీటరులో దీపాలన్నీ వెలగాలి. సీటులో కూర్చున్న మనిషి ముందు గుండ్రని బంతి ఉన్న బొమ్మే ఎయిర్‌బ్యాగు దీపం. అది వెలిగి, కొన్ని సెకన్లలో తనంతట తానే ఆరిపోవాలి.

వెలిగి ఆరకపోతే కారణం చిన్నదే కావచ్చు. సీటు కింద పసుపురంగు కనెక్టరు వదులై ఉండవచ్చు, నీళ్ల సీసా దొర్లి తగిలినా ఊడుతుంది. హారను కూడా మోగకపోతే స్టీరింగు లోపల చుట్టుకునే తీగపట్టీ తెగి ఉంటుంది. కొత్తది వేయించాలి. స్కానరు ఉన్న మెకానిక్కు ఏది పోయిందో పది నిమిషాల్లో చెబుతాడు.

అసలు వెలగకపోతే మాత్రం భయపడాలి. ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు విచ్చుకున్నాక కొత్తది వేయడానికి బాగా ఖర్చవుతుంది. ఆ ఖర్చు తప్పించుకోవడానికి మూత అతికించి, దీపాన్నే తీసేస్తారు. ఒకచోట నేను అడిగితే "అది ఆప్షను సార్, ఈ మోడలుకు రాదు" అన్నాడు. స్టీరింగు మధ్యలో అచ్చు అక్షరాలు కనబడుతూనే ఉన్నాయి. పరిష్కారం: నమస్కారం పెట్టి బయటికి రావడమే.

బండి ఎక్కగానే అగరొత్తుల వాసన

సువాసన మరీ ఎక్కువైతే కింద దుర్వాసన ఏముందో చూడాలి. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో నగరం మునిగినప్పుడు టోలీచౌకీ, హఫీజ్‌బాబానగర్, ఉప్పల్, ఎల్బీనగర్ వైపు వీధుల్లో, అపార్టుమెంట్ల సెల్లార్లలో కార్లు కప్పు దాకా నీళ్లలో ఉన్నాయి. ప్రతి వానాకాలం ఎక్కడో ఒక సెల్లారు నిండుతూనే ఉంటుంది. అలాంటి బండ్లను కడిగి, ఆరబెట్టి, కొత్త సీటు కవర్లు తొడిగి అమ్మేస్తారు. పైన పటారం, లోన లొటారం.

ఆ కవర్లు, కార్పెట్లు మార్చేవాళ్లు మార్చనిది ఒకటుంది. డ్రైవరు సీటు బెల్టును ఆఖరు దాకా, ఇక రాదు అనేంతవరకు బయటికి లాగండి. రోజూ వాడే భాగం శుభ్రంగానే ఉంటుంది. చుట్టలో దాగి ఉండే చివరి రెండు మూరలు చూడాలి. మల్లాపూర్ దగ్గర ఒక తెల్లబండిలో నేను లాగితే, నల్లని పట్టీ మీద టీ మరకలాంటి అడ్డగీత ఒకటి, దాని కింద గోటితో గీకితే రాలే సన్నని మట్టి కనిపించాయి. మా అమ్మాయి ఆ మట్టిని వేలితో తీసి చూపిస్తే అమ్మే ఆయన ఫోను మోగినట్టు నటిస్తూ బయటికి వెళ్లిపోయాడు. సీటు పట్టాల బోల్టుల తుప్పు, స్టెప్నీ గుంతలో ఒండ్రు, హెడ్‌లైటు లోపలి చెమ్మ మిగతా సాక్ష్యాలు.

దీనికి రిపేరు లేదు. ఇంజను బాగు చేయవచ్చు కానీ వైర్ల కీళ్లలో పట్టిన తుప్పు నెలల తర్వాత బయటపడుతుంది. అందులో ఎయిర్‌బ్యాగు వైర్లూ ఉంటాయి. సగం ధరకు ఇస్తానన్నా వద్దు.

స్టీరింగు వదిలితే బండి ఒక పక్కకు లాగుతోంది

టైర్లలో గాలి సరిచేయించండి. తగ్గకపోతే ముందు టైర్లు అటూఇటూ మార్చి చూడండి. లాగుడు వైపు మారితే తప్పు టైరుది. అప్పటికీ మారకపోతే వీల్ అలైన్‌మెంటు చేయించి, ఆ యంత్రం ఇచ్చే కాగితం అడిగి తీసుకోండి. అంకెలు ఎంత తిప్పినా హద్దులోకి రాకపోతే బండి గట్టిగా గుద్దుకుని చట్రమో, చక్రాన్ని పట్టి ఉంచే కడ్డీయో వంగినట్టే. బానెట్టు తెరిచి రెండు అంచుల మీది బోల్టులు చూడండి. కంపెనీ బిగించినవాటి మీద రంగు చెక్కుచెదరదు, విప్పి బిగించినవాటి తలల మీద పానా గీతలుంటాయి. బంపరు మారితే ఫరవాలేదు, నగరంలో బంపరు గీసుకోని బండి ఉండదు. ఆ వెనక చట్రం ముడతలు పడితే వదిలేయండి.

బ్రేకు తొక్కి పట్టుకుంటే పెడలు మెల్లగా దిగిపోతోంది

పెడలు ఒత్తిడిని చక్రాలకు పంపే మాస్టర్ సిలిండరు లీకు. బాగవుతుంది, కొనేముందే ధరలో తగ్గించండి, కొన్నాక అదే రోజు మార్పించండి. పెడలు స్పాంజిలా ఉంటే గొట్టాల్లో గాలి చేరింది. తొక్కినప్పుడు పెడలు వణికితే డిస్కులు వంకరపోయాయి.

టైర్లు నిగనిగలాడుతున్నాయి, తడిరోడ్డు మీద జారుతున్నాయి

నిగనిగ పాలిష్‌ది. టైరు పక్కగోడ మీద కోడిగుడ్డు ఆకారపు గడిలో నాలుగంకెలు ఉంటాయి. 3517 అంటే 2017లో 35వ వారం తయారైందని అర్థం. గాడులు లోతుగానే ఉన్నా ఆరేడేళ్లకు రబ్బరు గట్టిపడి రోడ్డును పట్టుకోదు. గాడుల మధ్య చిన్న గట్లు ఉంటాయి, అవి 1.6 మిల్లీమీటర్ల హద్దు. అంచులు వాటితో సమానమైతే టైరు అయిపోయినట్టే. నాలుగు టైర్లకు డబ్బు ముందే పక్కన పెట్టుకోండి. మేము కొన్న బండికీ నాలుగూ మార్చాం. సీటు కవర్లు ఇంకా మార్చలేదు.

ధర అనుమానం కలిగించేంత తక్కువ

బండి బాగుంటే జబ్బు కాగితాల్లో ఉంటుంది. ఎంపరివాహన్ యాప్‌లో నంబరు కొట్టి ఎన్నో యజమాని, బీమా ఎప్పటిదాకా, బ్యాంకు అప్పు ఉందా అన్నవి చూడండి. అప్పు తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు మిగిలి ఉంటే 35వ నంబరు ఫారం, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) అమ్మేవాడే తెచ్చివ్వాలి. పోలీసుల ఈ-చలాన్ల సైటు కూడా తెరవండి. ఒక బండి మీద చలాన్లు పేజీ కిందికి దిగుతూనే ఉన్నాయి, అదీ డాక్టరు గారిదే. వేరే రాష్ట్రం నంబరైతే అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి జీవితకాల పన్ను లెక్కేసుకుంటే తక్కువ ధర కాస్తా ఎక్కువవుతుంది. పసుపు పలక తీసి తెల్లది పెట్టిన పాత క్యాబ్ అయితే మీటరులోని కిలోమీటర్లను కాదు, పెడళ్ల రబ్బరు అరుగుదలను నమ్మండి.

బండి చేతులు మారిన 14 రోజుల్లోపు బీమా కూడా పేరు మార్పించాలి. ఇది మరచిపోయినవాళ్లే ఎక్కువ. తొలి గీత పడ్డాక క్లెయిముకు వెళ్తే అక్కడ పాత యజమాని పేరుంటుంది. అతని నో క్లెయిం బోనసు (క్లెయిము చేయనందుకు బీమాలో ఇచ్చే తగ్గింపు) మీకు రాదు, అది బండిది కాదు, మనిషిది.

సెల్లారు ర్యాంపు మీద బండి వెనక్కి జారుతోంది

ఇది బండి జబ్బు కాదు. బ్రేకు మీది కాలు యాక్సిలరేటరు మీదికి వెళ్లేలోపు జరిగే ఆ అరక్షణమే కారణం. మా అమ్మాయి మొదటివారంలో రెండుసార్లు వాచ్‌మన్ కుర్చీ దాకా జారింది. పరిష్కారం హ్యాండ్‌బ్రేకు: అది లాగి పట్టుకుని, క్లచ్ మెల్లగా వదులుతూ, బండి ముక్కు కొంచెం లేచినట్టు అనిపించినప్పుడు కొంచెం యాక్సిలరేటరు ఇచ్చి హ్యాండ్‌బ్రేకు దించాలి. ఆదివారం పొద్దున ఆరింటికి, ర్యాంపు ఖాళీగా ఉన్నప్పుడు ఇరవైసార్లు చేయించాను. పదిహేడోసారికి జారలేదు. వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ కుర్చీని గోడ పక్కకు జరుపుకునే కూర్చుంటున్నాడు.