మొదటి విదేశీ ప్రయాణానికి బడ్జెట్ – పాఠం 4: గూగుల్ రేటు, మన రేటు

ఇద్దరికి అయిదు రోజుల సింగపూర్ ఖర్చు వేయమని పోయిన పాఠంలో అడిగాను. చాలామంది లెక్క ఒకే చోట తప్పింది. అందులో నా పొరపాటూ ఉంది. "ఆ రోజు రేటుతో గుణించండి" అని ఒక్క మాటలో తేల్చేశాను. అందరూ గూగుల్‌లో కనిపించిన డాలర్ మారకం రేటే పట్టుకున్నారు. హోటళ్ల పాఠం వచ్చేసారి చెబుతాను, ముందు దీన్ని సరిచేద్దాం.

గూగుల్ చూపించేది బ్యాంకులు తమలో తాము కొని అమ్ముకునే ధరలకు మధ్య రేటు. ఆ రేటుకు మనకెవరూ డాలర్లు అమ్మరు. లెక్క సులువుగా ఉండటానికి సింగపూర్ డాలర్ 70 రూపాయలు అనుకుందాం. 1,500 డాలర్ల ఖర్చుకు మీరంతా 1,05,000 రాశారు. చాలా కార్డులకు ఫారెక్స్ మార్కప్, అంటే విదేశీ డబ్బులో కట్టినందుకు బ్యాంకు అదనంగా వేసుకునేది, 3.5 శాతం దాకా ఉంటుంది, దాని మీద 18 శాతం జీఎస్‌టీ. రెండూ కలిపితే 4.13 శాతం, అంటే ఇంకో 4,336 రూపాయలు. నేనైతే ఇంత లెక్క వేయను, 70 ఉంటే 75తో గుణించేస్తాను. మిగిలితే ఆఖరి రోజు అక్కడి ముస్తఫా సెంటర్ అనే పెద్ద షాపింగ్ మాల్‌లో ఖర్చుపెట్టుకోవచ్చు.

రెండో తప్పు భోజనం దగ్గర. మెనూలో ధర పక్కన రెండు ప్లస్ గుర్తులుంటే 10 శాతం సర్వీస్ చార్జి, దాని మీద సింగపూర్ వాళ్ల 9 శాతం జీఎస్‌టీ అదనం. 20 డాలర్ల ప్లేటు 23.98 అవుతుంది. చిన్న చిన్న తిండి కొట్లన్నీ ఒకేచోట ఉండే హాకర్ సెంటర్‌లో ఈ బాధ లేదు, బోర్డు మీద రాసిందే ఇస్తాం. రోజుకు ఒక పూటైనా అక్కడే తినండి.

ఇక నాకు ఒళ్లు మండే విషయం. కార్డు మెషీన్ మీద రెండు వరుసలు వస్తాయి. పైన 100 సింగపూర్ డాలర్లు, కింద 7,420 రూపాయలు, ఏదో ఒకటి నొక్కమంటుంది. రూపాయలు కనబడగానే మనవాళ్లకు ప్రాణం లేచొస్తుంది, ఎంత పోతుందో తెలిసిపోయిందని. నొక్కకండి. ఆ 7,420 మీ బ్యాంకు వేసిన రేటు కాదు, ఆ దుకాణం తరఫున మెషీన్ నడిపేవాళ్లు తమ లాభం కలిపి వేసుకున్న రేటు. డాలర్లే నొక్కితే మార్కప్ కలిపినా దాదాపు 7,289. పైగా ఇలా రూపాయల్లో కట్టినందుకు కొన్ని బ్యాంకులు విడిగా ఇంకో చార్జీ వేస్తాయి. ఏటీఎంలోనూ ఇదే అడుగుతుంది. అక్కడ "కన్వర్షన్ వద్దు" అని నొక్కినా డబ్బు వస్తుంది, లావాదేవీ ఆగిపోదు. మొదటిసారి వెళ్లినప్పుడు ఒక బట్టల దుకాణంలో నన్ను అడగకుండానే రూపాయలు నొక్కేశారు. రసీదు చూసుకున్నది హోటల్‌కు వచ్చాకే. అప్పటినుంచి మెషీన్ నా చేతికిచ్చేదాకా కార్డు బయటికి తీయను. రసీదు మీద రూపాయలు కనిపిస్తే అక్కడే నిలబడి, రద్దు చేసి డాలర్లలో మళ్లీ కొట్టమని అడగండి. మొహమాటపడొద్దు.

కార్డులో అంతర్జాతీయ వాడకం ఆన్ చేసుకోవడం, పాస్‌పోర్టు గడువు చూసుకోవడం మీకు తెలిసినవే.

అభ్యాసం: మీ ఊళ్లో రెండు మనీ ఎక్స్ఛేంజ్ కౌంటర్లకు వరుసగా మూడు రోజులు ఫోన్ చేయండి. 500 సింగపూర్ డాలర్ల నోట్లకు అన్నీ కలిపి ఎన్ని రూపాయలు కట్టాలో అడిగి రాసుకోండి. ఉత్త రేటు చెబితే ఒప్పుకోకండి, మొత్తం అడగండి. మీ కార్డు మార్కప్ ఎంతో బ్యాంకును అడిగి ఆ 500కు ఎంతవుతుందో పక్కన వేయండి. ఆ తర్వాత పోయిన పాఠం లెక్కంతా మొదటి వరుస నుంచి మళ్లీ వేయండి, పాత కాగితం మీద దిద్దకండి.