నల్లరేగడి నేలలో పునాది గోతులు: తవ్వకం, పూడిక

కర్నూలు, గుంటూరు, ఆదిలాబాదు వంటి రేగడి ప్రాంతాల్లో ఎండాకాలం తవ్విన పునాది గోతి గోడలు నిట్టనిలువుగా, గట్టిగా నిలబడతాయి. వాటిని చూసి దన్ను అక్కర్లేదనుకోవడంలోనే ప్రమాదం ఉంది. రేగడికి ఆ బలం నీరు తగలనంతవరకే. పగుళ్ల వెంట వాననీరో, పక్కింటి తొట్టి నుంచి కారిన నీరో దిగితే మట్టి ఉబ్బి, బరువెక్కి, పెద్ద పెళ్లగా విరిగిపడుతుంది. ఘనమీటరు మట్టి ఒకటిన్నర టన్నులకు పైగా తూగుతుంది గనుక ఛాతీ వరకు కూరుకుపోయినవారికి కూడా ఊపిరాడదు.

అందువల్ల 1.5 మీటర్లు, అంటే సుమారు ఐదడుగులు, అంతకు మించి లోతున్న గోతికి పక్కలను వాలుగానో మెట్లుగానో కోయాలి. స్థలం ఇరుకైతే పలకలు నిలిపి అడ్డకర్రలతో బిగించాలి. తవ్వకం పైనుంచి కిందికే సాగాలి, అడుగున తొలిచి పైమట్టిని కూల్చడం ఎట్టి పరిస్థితిలోను కూడదు. తీసిన మట్టిని అంచు నుంచి 1.5 మీటర్లు, లేదా లోతులో సగం, ఏది ఎక్కువైతే అంత దూరంలో పోయాలని కేంద్ర ప్రజాపనుల శాఖ (సీపీడబ్ల్యూడీ) భద్రతా నియమాలు చెబుతాయి. మన ఇరుకు ప్లాట్లలో తరచుగా గాలికి పోయే నియమం ఇదే: మళ్లీ పూడ్చడానికి దగ్గరగా ఉంటుందని జేసీబీతో అంచు మీదే కుప్ప పోయిస్తారు, ఆ బరువంతా గోడ మీదే పడుతుంది. చోటు లేనప్పుడు ట్రాక్టరు కిరాయి భరించి మట్టిని బయటికి తోలించడం తప్ప వేరే దారి లేదు.

లోతు 1.2 మీటర్లకు చేరితే ప్రతి 30 మీటర్ల పొడవుకు కనీసం ఒక నిచ్చెన ఉండాలి, దాని పైకొన నేలకన్నా 90 సెంటీమీటర్లు ఎత్తుండాలి. రోజూ పనివాళ్లు దిగకముందు, వాన వెలిసిన ప్రతిసారీ మేస్త్రీ అంచు చుట్టూ తిరిగి చూడాలి. రేగడి ఎలాగూ నెర్రెలు విచ్చే నేల కదా అని ఏ పగులునూ తేలిగ్గా తీసుకోరాదు. ఎండ నెర్రెలు వలలాగా అన్ని దిక్కులకూ పాకుతాయి, అంచుకు సమాంతరంగా సాగిన పగులు మాత్రం గోడ కదులుతోందనడానికి గుర్తు. అది కనిపిస్తే గోతిలో ఎవరూ ఉండకూడదు. ఎవరైనా మట్టిలో చిక్కుకుంటే వెంట దూకకుండా, జేసీబీ బకెట్టుతో మట్టి లాగకుండా, వెంటనే 101కు, 108కు ఫోను చేయాలి.

పూడిక విషయానికొస్తే, తవ్వి తీసిన రేగడిని ఫ్లోరింగు కింద నింపకూడదు. తడికి ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయి గచ్చును పగలగొడుతుంది. మొరం లేదా గ్రావెల్ తెప్పించి, 20 సెంటీమీటర్లకు మించని పొరలుగా పరిచి, ప్రతి పొరనూ దిమ్మిసతోనో ప్లేట్ కాంపాక్టరుతోనో అణచాలి. బేస్‌మెంటు నిండా మట్టి పోసి నీళ్లు కట్టి వదిలేయడం మన దగ్గర పాత అలవాటు. శుభ్రమైన ఇసుకకు అది కొంత పనిచేస్తుంది గాని, బంకపాలు ఉన్న మొరానికి పనికిరాదు: పైన బురద తేలుతుంది, అడుగున గుల్లతనం మిగిలిపోతుంది.

తడి సరిపోయిందో లేదో చేతితో అంచనా వేయవచ్చు. పిడికెడు మట్టి నొక్కితే ముద్ద కట్టాలి, విరిస్తే రెండు మూడు ముక్కలు కావాలి. పొడిగా రాలితే నీరు చల్లాలి, అరచేయి తడిస్తే ఆరనివ్వాలి. ముఖ్యమైన కట్టడాలకు ఈ అంచనా చాలదు. ల్యాబులో వేర్వేరు తేమల్లో మట్టిని దంచి చూసే ప్రోక్టర్ పరీక్షతో ఆ మట్టికి తగిన తేమ, గరిష్ఠ పొడి సాంద్రత (నీటి బరువు తీసేస్తే ఘన సెంటీమీటరుకు ఎన్ని గ్రాములన్నది) తెలుసుకుని, సైటులో అణచిన పొరలో చిన్న గుంత తీసి, దాన్ని ఇసుకతో నింపి ఘనపరిమాణం కొలిచే ఇసుక భర్తీ పద్ధతిలో పోల్చాలి. ఉదాహరణకు, 1000 ఘన సెంటీమీటర్ల గుంత నుంచి తీసిన మట్టి 1.95 కిలోలు, అంటే ఘన సెంటీమీటరుకు 1.95 గ్రాములు తూగిందని, ల్యాబు ఇచ్చిన గరిష్ఠ పొడి సాంద్రత 1.85 గ్రాములని అనుకుందాం. అంకె ఎక్కువే కదా అని పాస్ చేసేవారున్నారు, కాని ఆ తూకంలో నీటి బరువు కలిసి ఉంది. తేమ 12 శాతమైతే 1.95ను 1.12తో భాగించాలి, వచ్చేది 1.74, అంటే గరిష్ఠంలో 94 శాతం. ఒప్పందం 95 శాతం అడిగితే ఆ పొరను గీరి, తడి సరిచేసి, మళ్లీ అణచి పరీక్షించాకే తర్వాతి పొర మట్టి దించనివ్వాలి.