విరిగిన క్రోమోజోమును చదవడం – 4వ పాఠం: నాలుగు చేతుల ఆకారం

రంగు పట్టని ఖాళీ క్రోమాటిడ్ (విభజన వేళ క్రోమోజోములో కనిపించే రెండు పోలికగల సగాల్లో ఒకటి) వెడల్పుకు మించకుండా, ముక్క వరుస తప్పకుండా ఉంటే అది గ్యాప్ మాత్రమేననీ, దానిని విరుపుల లెక్కలో చేర్చకూడదనీ గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి విరిగిన కొసలు పొరపాటున వేరొక క్రోమోజోము కొసలతో అతుక్కుంటే ఏర్పడే ఆకారాలను చదువుదాం.

మైటోమైసిన్-సి వంటి రసాయనం డీఎన్‌ఏలోని రెండు పోగులను ఒకదానితో ఒకటి కుట్టేస్తుంది. మామూలు కణాలు ఆ కుట్లను చాలావరకు విప్పుకోగలవు. 1927లో గైడో ఫాంకోనీ వర్ణించిన రక్తహీనత (ఫాంకోనీ ఎనీమియా) ఉన్నవారి కణాలకు ఆ శక్తి లోపిస్తుంది కాబట్టి, వారి లింఫోసైట్లను (ఒక రకం తెల్ల రక్తకణాలను) ఈ రసాయనంతో పెంచి, విభజన మధ్యలో ఆపి, గీమ్సా రంగు వేసి చూస్తే, రెండు క్రోమోజోములు కలిసి నాలుగు చేతులు చాచినట్టుండే ఆకృతులు కనిపిస్తాయి.

అటువంటి ఆకృతి కనబడగానే లెక్క రాయకండి. ముందు మైక్రోస్కోపు ఫోకస్‌ను మెల్లగా పైకీ కిందికీ కదపండి. ఒకదానిపై ఒకటి పడిన రెండు మామూలు క్రోమోజోములైతే, అవి దాటుకునే చోట రంగు చిక్కబడి, రెండింటి అంచులూ తెగకుండా సాగిపోతాయి. నిజమైన అతుకులో క్రోమాటిడ్ ఒక క్రోమోజోము నుంచి రెండోదానిలోకి మలుపు తిరుగుతుంది. ఆ మలుపును పెన్సిలుతో కాగితంపై గీయండి. కొత్తవారి పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే దొరికిపోతాయని నా నమ్మకం.

తరువాత జత చూడండి. ఫాంకోనీలో సాధారణంగా వేర్వేరు క్రోమోజోములు అతుక్కుంటాయి గనుక చేతుల పొడవులు పొంతన లేకుండా ఉంటాయి. క్రోమోజోములు తేలికగా విరిగే మరో జన్యు జబ్బైన బ్లూమ్ సిండ్రోమ్‌లో ఎక్కువగా ఒకే జతలోని రెండు క్రోమోజోములు కలుస్తాయి, ఆకారం సౌష్ఠవంగా కనిపిస్తుంది.

ఇంత పట్టుదల ఎందుకంటే, ఫాంకోనీ ఉన్న బిడ్డకు లుకేమియా, నోటి, గొంతు క్యాన్సర్ల ముప్పు ఎక్కువ. అదే బిడ్డకు మజ్జ మార్పిడికి ముందు ఇచ్చే మందులు మామూలు మోతాదులో ఇస్తే ప్రాణానికే ప్రమాదం. రక్తపరీక్ష మామూలుగా వచ్చినా లక్షణాలు అనుమానం రేపుతుంటే చర్మకణాలను పరీక్షించమని అడగండి, ఎందుకంటే కొందరిలో కొన్ని రక్తకణాలు జన్యులోపాన్ని తామే సరిదిద్దుకుని పరీక్షను తప్పుదారి పట్టిస్తాయి.

అభ్యాసం: యాభై కణాలు చూసి, ప్రతి కణానికీ విరుపులను, అతుకులను వేర్వేరు గడుల్లో నమోదు చేయండి.